బ్లాంకులో కర్పూరం

మంగళవారం పొద్దున విశాల్ సార్ గాజు సామాను కడిగే గదిలోకి వచ్చి, ముక్కు ఎగబీల్చి, "ఇక్కడ హారతి ఎవరిచ్చారమ్మా?" అన్నాడు.

హసీనా, ఖమర్ సుల్తానా ఇద్దరూ నవ్వారు. గల్ఫ్‌లో, మెసయీద్‌లోని ఆ నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో సీసాలు కడిగేది వాళ్ళిద్దరే. హసీనాది రాయచోటి. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి పెళ్ళి చేసుకుంది. భర్త జానీ ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, కంపెనీ క్వార్టర్లో కాపురం, ఏడాదిన్నర బిడ్డ నూరైన్. ఖమర్‌ది బోధన్. కంపెనీ వీసా మీద ఒంటరిగా వచ్చి క్యాంపులో ఉంటుంది. హసీనాకంటే పదిహేనేళ్ళు పెద్దది కాబట్టి హసీనా ఆమెను అక్క అనే అర్థంలో ఆపా అంటుంది.

"నవ్వకండి. బ్లాంకులో కర్పూరం వచ్చింది" అన్నాడు విశాల్ సార్. ఆయనది కాకినాడ. కోపమొచ్చినా గొంతు లేవదు.

బ్లాంక్ అంటే ఏమిటో హసీనాకు ఆయనే ఒకసారి చెప్పాడు. నీళ్ళ శాంపిళ్ళు పెట్టే ముందు, ఏమీ కలపని ఉత్త సాల్వెంటును ఒక చిన్న సీసాలో పోసి మిషన్‌కు పెడతారు. మిషన్ లోపల ముప్పై మీటర్ల గొట్టం, వెంట్రుకకంటే కొంచెం లావు, చుట్టలు చుట్టి ఉంటుంది. అందులోంచి ఒక్కో పదార్థం తన వేళకు తాను బయటికొస్తుంది. రాగానే పక్కనున్న పెట్టె దాన్ని ముక్కలు చేసి, ముక్కల బరువులు చూసి, అదేమిటో చెబుతుంది. ఉత్త సాల్వెంటుకు కంప్యూటర్ తెర మీద గీత చాప పరిచినట్టు ఉండాలి. ఆ రోజు పదకొండో నిమిషం దగ్గర నిటారుగా లేచింది. బ్లాంక్ చెడితే దాని వెనక పెట్టిన నలభై శాంపిళ్ళూ చెల్లవు. ఆ నీళ్ళను పరీక్షించాల్సిన గడువు కూడా ఆనాటితోనే అయిపోయింది.

విశాల్ సార్ చూపు ఖమర్ కోటు జేబు మీద ఆగింది. పచ్చమూత బామ్ డబ్బా అంచు కనపడుతోంది.

"తలనొప్పికి రాస్కుంట సార్" అంది ఖమర్, డబ్బాను అరచేత్తో మూసేస్తూ. "గ్లౌజులు ఏస్కునే పని చేస్త. వల్లా, ఒట్టు, ఉత్త చేతులతోని ఎన్నడు ముట్టలే."

హసీనా అప్పుడు చేతులు వెనక్కి దాచుకుంది. బామ్ చూసి కాదు, తన వేళ్ళు చూసుకుని.

సోమవారం పొద్దున నూరైన్‌కు దగ్గు. కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె బిడ్డ రొమ్ముకు, వీపుకు, అరికాళ్ళకు రుద్దుతుండగానే కంపెనీ బస్సు హారన్ కొట్టింది. బిడ్డను పక్కింటి గంగులమ్మ చేతిలో పెట్టి, చేతులు నీళ్ళతో కడిగాననిపించి పరిగెత్తింది. ఇక్కడికొచ్చాక, ఓవెన్‌లో ఆరిన సీసాలకు మూతలు పెట్టింది. గ్లౌజులతో ఆ మూతలు జారిపోతుంటే, ఒక్క ట్రేకే కదా అని గ్లౌజులు తీసేసింది.

నిజం నోటిదాకా వచ్చింది. కానీ కిందటి నెల బిడ్డ జ్వరానికి మూడు రోజులు మానేసినప్పుడు, "ఇంకోసారి బిడ్డ పేరు చెప్పావంటే ఇంట్లోనే కూర్చో" అన్నాడు సూపర్‌వైజర్. మాట వెనక్కి పోయింది.

మధ్యాహ్నానికి సంగతి తేలింది. గురువారం ఖమర్ లెక్క తేల్చి ఊరికి పంపేస్తారట. హసీనా పని పోతే ఇంట్లో కూర్చుంటుంది, అంతే. ఖమర్ పని పోతే వీసా పోతుంది. ఆ తేడా హసీనాకు తెలుసు. అది తెలిసి కూడా నోరు తెరవలేదు. బుధవారం ఖమర్ పక్కనే కూర్చుని, "ఏమో బిడ్డా, నాకు తెల్వకుంటనే అంటుకున్నదేమో" అని ఏడిస్తే వీపు నిమిరింది. ఆ నిమిరిన చేతిని ఇంటికెళ్ళాక బిడ్డ మీద వేయలేకపోయింది.

గురువారం పొద్దున్నే విశాల్ సార్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఆ మిషన్‌కు బామ్‌కీ, ఉత్త కర్పూరానికీ తేడా తెలుస్తాదా?"

"తెలియకేమమ్మా. బామ్‌లో మెంథాల్ కూడా ఉంటుంది. అది దీని పక్కనే..." ఆయన ఆగిపోయాడు. కంప్యూటర్‌లో ఆ రోజు గీతను మళ్ళీ తెరిచి, వేలు దాని వెంబడి జరుపుతూ చూశాడు. కర్పూరం పక్కన మెంథాల్ లేదు. "ఛ! పైకి లేచిన ఆ పెద్ద పీక్ పేరు చూసి ఊరుకున్నానండీ. డబ్బా కనపడేసరికి ఇంక వెతకలేదు." ఖమర్‌ను పంపవద్దని అప్పుడే మేనేజరుకు ఫోన్ చేశాడు. "ఎలా వచ్చిందో తెలియలేదని రాసేస్తాను. ఇక వదిలేయండి."

వదిలేస్తే సరిపోయేది. హసీనా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటూనే గదిలోకి వచ్చింది.

ఖమర్ సింకు దగ్గర చేతులు తోముకుంటోంది. రెండు రోజులుగా అదే పని. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రగా ఉంది.

"ఉంచుతరట. అయినా నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది బిడ్డా" అంది.

"ఆపా, అది నువ్వు కాదు. నేను."

"మిషన్ చెప్పిందా?"

"మిషన్‌కు తెలీదాపా. నాకు తెలుసు. నూరైన్‌కు నూనె రుద్ది, అవే చేతులతో మూతలు పెట్టినాను. మంగళవారమే తెలిసింది నాకు."

ఖమర్ కుళాయి కట్టేసింది.

"నిన్న నీ పక్కన కూసోని ఏడ్సినప్పుడు గూడ ఎరుకేనా?"

"తెలుసాపా."

"నా వీపు నిమిరినవు గదనే!"

హసీనా తల దించుకుంది. తిడుతుందేమోనని ఎదురుచూసింది. ఖమర్ తిట్టలేదు. చేతులు కోటుకు తుడుచుకుంది.

"నడు. యల్లా. గీ మాటనే సార్‌కు చెప్పు. నా ఎదురుంగ చెప్పు."

చెప్పింది. విశాల్ సార్ రిపోర్టు కాగితం ముందుకు లాక్కున్నాడు. "పేరు రాస్తే ఇక నా చేతిలో ఉండదమ్మా."

"రాయండి సార్."

ఆయన హసీనా పేరు రాసే దాకా ఖమర్ తలుపు దగ్గరే నిలబడి చూసింది. రాయడం అయ్యాక హసీనా కోసం ఆగకుండా, ఒక్కతే గదిలోకి వెళ్ళిపోయింది.