పీనుగ లేని శోకం

ఊళ్లో ఎవరు చస్తారా అని వినోద కాచుకుని కూర్చుందట. చంకలో పెట్టె, కళ్లలో పీనుగ అట. పక్కింటి రాజవ్వ అన్నదని బీడీలు చుట్టే ఆడవాళ్లు చెప్పుకుంటుంటే నేను విన్నాను. ఆ పెట్టెను నేనే.

నేను ఒక టేప్‌రికార్డర్‌ను. ఎక్కడ పుట్టానో నా వీపు మీదే అచ్చువేసి ఉంది. వినోద మేనమామ బొంబాయి దగ్గరి భీవండిలో మగ్గాలు నడిపి, తిరిగొస్తూ నన్ను తెచ్చాడు. ఆయన దగ్గరున్నన్నాళ్లూ పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడాను. పాడిస్తూనే నా మూత విరగ్గొట్టారు. ఇంకో కొత్త పెట్టె రాగానే అటకెక్కించారు. మనుషుల ప్రేమ అంతవరకే.

అటక మీంచి నన్ను దించింది వినోద, డిగ్రీ చదివి ఊరికి తిరిగొచ్చిన పిల్ల. నా బ్యాటరీలు నీరసిస్తే తీసి ఎండలో పెట్టి మళ్లీ వేసేది. నన్ను పట్టుకుని చావు ఇళ్లకు పోయేది.

కొమురవ్వ గొంతు విప్పేది అక్కడే మరి. ఊళ్లో ఏ ఆడది పోయినా తల దగ్గర కూర్చుని శోకం పెట్టేది ఆమె. ముందుగా, పోయినామె పుట్టిన ఊరిని పిలిచేది. ఆ పేరు పడందే శోకం లేవదు. "ఎర్రకుంట బిడ్డవే… ఏ గాలి తరిమితె ఈ వాకిట్ల వడితివే…" అని ఎత్తుకుని, ఆమె ఏం తిన్నది, ఎవరి చేత తన్నులు తిన్నది, ఏ పిల్లల్ని మట్టిలో పెట్టింది, అన్నీ చెప్పి ఏడ్చేది. బతికున్నప్పుడు ఎవరూ వినని బతుకు అప్పుడు బయటికొచ్చేది. శోకానికి ఎదురు చెప్పకూడదు గనక, కొట్టిన మొగుడు కూడా తల వంచుకుని వినేవాడు.

అలాంటి శోకాలు నా కడుపు నిండా ఉన్నాయి. వినోదకు కావలసిన ఒక్కటీ లేదు. ఆమె పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడే తల్లి పోయింది. ఫోటో లేదు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని ఆ పేరే ఎత్తడు. తల్లి బతుకంతా ఆనాటి శోకంలో ఉంది. ఆ శోకం కొమురవ్వ గుండెలో ఉంది. ఆ గుండెలో ఇప్పుడు ఒకటే దగ్గు.

ఒకనాడు నన్ను కొమురవ్వ గడపలో పెట్టి వినోద ఆమె కాళ్లు పట్టుకుంది.

"అవ్వా, మా అమ్మ శోకం ఒక్కసారి పెట్టవా?"

"పీనుగ లేంది శోకం పెడితె చావును పిలిచినట్టే బిడ్డా. ఉత్తగ చెప్తమంటే, ఏడ్వకుంటె అది నోటికి రాదాయె."

"మరి నేనేం జెయ్యాలె?"

"ఇగ ఎవలన్న పోయిన్నాడు, మీ అమ్మను గూడ కలిపి ఏడుస్త. ఆగు."

ఆ ఆగడమే వినోదను తినేసింది. మంచాన పడ్డ ముసలమ్మల ఇళ్ల ముందు అడుగు నెమ్మదించేది. ఫలానా ఆమె లేచి గంజి తాగిందని వింటే ముఖం పాలిపోయేది. వెంటనే తన చెంప తానే వాయించుకునేది.

ఆ తర్వాత పోయింది కొమురవ్వే.

వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టూ చేరిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శోకం వచ్చిన నోరు ఊళ్లో అదొక్కటే, అది మూతపడింది. శోకం లేకుండా పాడె ఎట్లా ఎత్తడమని మగవాళ్లు ఆగారు. ఎండ ఎక్కుతోంది. వినోదకు ఏం తోచిందో, నా మీట నొక్కింది. నాలోంచి కొమురవ్వ లేచింది: "ఎర్రకుంట బిడ్డవే…"

"బంజెయ్యి!" రాజవ్వ ఒక్క అరుపు అరిచింది. "అది మా అత్త శోకం. ఈమెకు పెడ్తవా?"

వినోద నన్ను ఆపేసి, శవం తల దగ్గర కూలబడింది. విని విని వరస ఆమెకు వచ్చేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎత్తుకోబోయింది. మొదటి మాట ఊరి పేరు. నోరు తెరిచే ఉంది, గాలి తప్ప ఏమీ రాలేదు. కొమురవ్వ ఏదో కరువులో ఒంటిగా వచ్చి చేరిన మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. నా టేపులన్నీ మొదటి నుంచి తిప్పినా ఆ పేరు దొరకదని నాకు తెలుసు.

వినోద చుట్టూ చూసింది. ఒక్కొక్కరే కళ్లు దించుకున్నారు. రాజవ్వ దించలేదు.

"నీది ఏ ఊరు అవ్వా అని మేమైతె అడగలే. ఇన్నేండ్లు ఈమె గడప అరగదీసినవ్, నువ్వన్న అడిగినవా పిల్లా?"