వైప్ తీసేస్తే

జమున స్టవ్ గట్టు తుడుస్తోంది. కందిపప్పు డబ్బాకు ఆనించిన ఫోన్‌లోంచి ఒక మగగొంతు చాలా మర్యాదగా, "అబ్ వైప్ కో హటా దీజియే," అంది. ఇక వైప్‌ను తీసెయ్యండి అని.

సరిగ్గా అప్పుడే రఘుపతి డ్యూటీ నుంచి వచ్చి గడపలో చెప్పులు విప్పుతున్నాడు. ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో ఉండగా ఆగిపోయాడు. వాళ్ల ఊరి నోటికి 'ఫ' పలకదు. ఫ్యానును ప్యాను అంటారు, ఫోనును పోను అంటారు, వైఫును వైప్ అంటారు. రేషన్ కార్డు మొదలుకొని ప్రతి కాయితంలోనూ జమున ఆయనకు వైపే. ఆ వైప్‌ను తీసెయ్యమని పరాయి మగాడెవడో తన వంటింట్లోంచి, అదీ 'దీజియే' అంటూ చెప్తున్నాడు.

"ఎవడే ఆడు?"

"ఓంప్రకాష్ సర్."

ఆ జవాబులో ఓంప్రకాష్ కంటే 'సర్' ఎక్కువ గుచ్చుకుంది. ఇంట్లో ఇప్పటిదాకా ఎవరికీ ఆ మర్యాద దక్కలేదు.

"యాప్‌ల వీడియో జేసుడు నేర్పుతడు. నువ్వు చెప్పిన పనేనాయె," అంది జమున గుడ్డ పిండుతూ.

నిజానికి పని అప్పగించింది ఆయనే. సూరత్ వడోద్‌లో మన తెలుగు సమాజ్ వాళ్లు కొత్త హాలు కట్టారు. దాని ప్రారంభానికి 'సూరత్‌ల మనోళ్ల కష్టం' అని ఒక వీడియో చేసి వేస్తానని మీటింగులో రఘుపతి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించకుండానే చప్పట్లు కొట్టించుకుని, ఇంటికొచ్చి తన ఫోన్‌లో తీయించుకున్న వీడియో ముక్కలన్నీ భార్య ఫోన్‌కు పంపించాడు. "పొద్దంత ఖాళీగనే ఉంటవ్ గద, గివన్ని అతికియ్యి," అన్నాడు. జమున అప్పుడు ఖాళీగా చీరకు రాళ్లు అంటిస్తోంది. వేళ్లకు జిగురు ఉంది కాబట్టి అతికించే పని ఆమెకే చెప్పడం ఆయనకు సబబుగానే తోచి ఉంటుంది. ఆయన లెక్కలో వీడియో అంటే బటన్ నొక్కితే అయిపోయేది. దానికి నేర్చుకోవడం ఒకటి ఉంటుందని, నేర్పడానికి ఒక మగగొంతు ఉంటుందని ఆయన అనుకోలేదు.

ఆ రోజు నుంచి రఘుపతి మారిపోయాడు. మంచినీళ్లు తనే వంటింట్లోకి వచ్చి తాగడం మొదలుపెట్టాడు. పెళ్లయినప్పటి నుంచి గ్లాసులెక్కడుంటాయో తెలియని మనిషి. జమునకు అనుమానమేసింది. ఏదో తప్పు చేసి వచ్చినవాడే ఇంత మంచిగా ఉంటాడు. ఆయన ఫోన్ మోగితే ఆమె చెవి అటు పడేది, ఆమె ఫోన్ మోగితే ఆయన చెవి ఇటు పడేది. నడుమ మంచం మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీసే అత్త లింగవ్వ ఇద్దరినీ అనుమానంగా చూసేది. ఆ ఇల్లు ఎన్నడూ లేనంత శ్రద్ధగా ఒకరినొకరు గమనించుకుంది.

రఘుపతి పాండేసర మిల్లులో రంగులు కలిపే మాస్టర్. రెండు ఎరుపులకు వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తాడు. "నాకు షేడ్ తెలుస్తది," అంటాడు బట్టల గురించీ మనుషుల గురించీ కూడా. కానీ ఫోన్‌లో ఆ మగాడు రోజూ వాడే మాటల షేడ్ ఆయనకు అందలేదు. తోటి పనివాడు బుచ్చిరాములును అడిగాడు. బుచ్చిరాములు ఒకప్పుడు వకీలు దగ్గర ఫైళ్లు మోసినవాడు, మిల్లులో ఇంగ్లీషంతా ఆయన మీదే నడుస్తుంది.

"డిసాల్వ్ అంటడా? అది రద్దు చేసుడన్నా. పెండ్లి రద్దు. ముందుగాల వైప్ హటావో అన్నడు, ఎనుక డిసాల్వ్ అన్నడు. ఇగ ఏం మిగిలింది?"

"పేడ్ అవుట్ గూడ అన్నడు."

"అంటే రంగు ఎలిసిపోవుడు. గది నువ్వే నాకు చెప్పాలె."

ఇవేవీ తెలియని జమున ఇంట్లో వేరే గొడవలో ఉంది. మొదటి ముక్కలో రఘుపతి చాప మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. రెండో ముక్కలో ఇస్త్రీ చొక్కాతో గడపలో నిలబడ్డాడు. మూడో ముక్కలో మిల్లు గేటు ముందు టిఫిన్ డబ్బా ఊపుతున్నాడు. పక్కపక్కన పెడితే మనిషి నిద్రలోంచి ఇస్త్రీ చొక్కాలోకి ఎగిరి పడుతున్నాడు. దీన్ని ఝట్కా, అంటే కుదుపు, అంటారని సర్ చెప్పాడు. ఝట్కా చూసేవాళ్లకు కనపడకూడదు, అందుకే నడుమ ట్రాన్సిషన్ పెట్టాలి, డిసాల్వ్ గానీ ఫేడ్ గానీ వైప్ గానీ. మంచి ట్రాన్సిషన్ అంటే అది ఉన్నట్టే ఎవరికీ తెలియకూడదు, తెలిసిందంటే మీకు పని రానట్టే, అన్నాడు. జమున చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. చాపకూ చొక్కాకూ నడుమ నీళ్లు పట్టడం, రంగు మరకలు రుద్దడం, ఇస్త్రీ చెయ్యడం ఉన్నాయి. చొక్కాకూ డబ్బాకూ నడుమ రొట్టెలున్నాయి, కూర ఉంది, కూరలో ఉప్పెక్కువైందన్న మాట ఉంది. తనకు జ్వరమొచ్చి లేవలేకపోయిన రోజు అత్త నలుదిక్కులా చూసి, "ఏందో ఇయ్యాల ఇల్లు ఇల్లులెక్క లేదు," అంది. జ్వరం సంగతి అడగలేదు, ఇంటికే ఏదో అయిందనుకుంది. చీరల రాళ్ల పనితో కొన్న ఫ్రిజ్‌ను చుట్టాలొస్తే రఘుపతి, "మొన్న తెచ్చిన," అని తెరిచి చూపిస్తాడు, చలి కూడా తనే తెచ్చినట్టు. రాళ్ల పనిని మాత్రం టైంపాస్ అంటాడు. జమున ఇన్నేళ్లూ ఎవరికీ ఝట్కా తగలకుండా పనిచేసింది. సర్ దగ్గర ఇప్పుడు కొత్తగా నేర్చుకుంటున్నదల్లా దాని పేరే.

కానీ నేర్చుకోవడం బాగుంది. కింది ఇంట్లో చీరలు అమ్మే విజయరాణి ఒకసారి చూసి, "వీడియో మంచిగ కుదిరితే నా చీరలన్నిటివి నువ్వే చెయ్యి జమునా," అంది. జమునకు ఆ రాత్రి అన్నం ఎక్కువ తినబుద్ధయింది.

ఆదివారం పొద్దున రఘుపతి విచారణ పెట్టాడు. సాక్షిగా బుచ్చిరాములు వచ్చాడు. పెద్దమనిషిగా లింగవ్వ ఉండనే ఉంది. తన మీద విచారణకు జమునే చాయ్ పెట్టి బిస్కెట్లు తెచ్చింది.

"చెల్లె, నువ్వేం బయపడకు," అన్నాడు బుచ్చిరాములు బిస్కెట్ ముంచుతూ. "ఆడెవడో నీకు ఏమేం చెప్తుండో జర ఇనిపియ్యి."

జమున ముగ్గురి మొహాలూ చూసింది. మంచినీళ్ల సంగతి అప్పుడు అర్థమైంది. ఏమీ అనకుండా పాఠం పెట్టింది.

"వైప్ కో హటా దీజియే," అంది ఫోన్ మర్యాదగా.

"ఇగో. గిదే," అన్నాడు రఘుపతి తల్లి వైపు తిరిగి. "మన ఇంట్లకెళ్లి వైప్‌ను తీసెయ్యమంటుండు అవ్వా."

జమున తెర వాళ్ల వైపు తిప్పింది. మిల్లు బొమ్మ ఉంది. వేలు పెట్టగానే ఒక పక్క నుంచి మిల్లు చెరిగిపోతూ దాని కింద నుంచి ఇల్లు వచ్చింది. తర్వాత భుజం మీది గుడ్డ తీసి, బుచ్చిరాములు కార్చిన చాయ్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు లాగింది.

"గిది వైప్. అంటే తుడుచుడు. సర్ చెప్పేది నీ పెండ్లాం ముచ్చట గాదు."

బుచ్చిరాములు బిస్కెట్ విరిగి కప్పులో పడింది. లింగవ్వ వెల్లుల్లి రెబ్బ ఒకటి వలిచి, ఊది, గిన్నెలో వేసింది.

"ఆ వైపన్నా ఈ వైపన్నా తుడుచుడే గదరా," అంది.

రఘుపతి క్షమించమని అడగలేదు. ఆ ఇంట్లో ఆ సామాను ఉండదు. "నాకు ముందే డౌటున్నది, గిట్లాంటిదే అయ్యుంటదని," అన్నాడు. లేచి చొక్కా సర్దుకుంటూ, "సరే, వీడియో ఖతం చెయ్యి. ఆఖర్ల నా పేరు పెద్దగ రావాలె. అయినంక ఆ యాప్ తీసెయ్. ఇంట్ల ఆడిదానికి గవన్నెందుకు," అన్నాడు.

"పెద్దగంటే ఎంత పెద్దగ?" అడిగింది జమున.

"తెర నిండ."

జమున తలూపింది. ఆ వారం ఆమె రెండు వీడియోలు చేసింది. ఒకటి నీళ్లలో రంగు కలిసినట్టు ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మలోకి జారిపోయేది. దాని చివర చిన్న అక్షరాలతో తన పేరు పెట్టి విజయరాణికి పంపింది. రెండోది పెన్‌డ్రైవ్‌లో వేసి భర్త చేతికిచ్చింది.

హాలు నిండింది. రఘుపతి ముందు వరుసలో సెంటు పూసుకుని కూర్చున్నాడు. తెర మీద రఘుపతి చాప మీద నోరు తెరుచుకుని పడుకున్నాడు. టక్కున ఇస్త్రీ చొక్కాలో గడపలో తేలాడు. టక్కున చేతిలోకి టిఫిన్ డబ్బా ఊడిపడింది. టక్కున ఇంట్లో, ముందర పొగలుగక్కే పళ్లెం. టక్కున ఖాళీ పళ్లెం. టక్కున అదే చాప. మొదట ఆడవాళ్ల వరుసలోంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ గొంతు లింగవ్వదని జమున గుర్తుపట్టింది. తర్వాత హాలంతా అందుకుంది. "గీ మనిషికి దయ్యమేమన్న పనిజేసి పెడ్తుందా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఆ నవ్వు ఆగకముందే తెర నిండా అక్షరాలు వచ్చాయి. 'వీడియో: రఘుపతి'.

ఇంటికొచ్చే దారిలో ఆయన ముందు నడిచాడు. లింగవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నడుస్తోంది. వీధి మొదట్లో ఆగి అడిగాడు.

"యాప్ తీసేసినవా?"

"లే. విజయరాణి చీరల పని ఒప్పుకున్న."

ఇంకొంత దూరం నడిచాక, రంగుల మాస్టర్‌కు ఉండే ఆ పాత అనుమానంతో మళ్లీ ఆగాడు.

"నడిమిట్లకెళ్లి ఏదో పోయినట్టుండె. ఏం తీసినవ్?"

"వైప్‌ను," అంది జమున.