డ్రోన్‌కు పెట్టిన బొట్టు

తిరుత్తణిలో నెల రోజుల శిక్షణకు ఆ రోజే చివరి పరీక్ష. కాంచన నెగ్గితేనే పొలాలకు మందు చల్లే డ్రోన్ ఆమె ఊరు అత్తిమంజేరిపేటలోని మహిళా సంఘానికి వస్తుంది. ఆమె మురుగన్ను తలుచుకుని, ఇంటికొచ్చిన కొత్త వస్తువుకు పెట్టినట్టే పరీక్షకు తెచ్చిన డ్రోన్ నుదుట ఇంత పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది.

మీట నొక్కితే రెక్కలు తిరిగాయి గానీ డ్రోన్ లేవలేదు. ముందర ఏదో అడ్డముందని చేతిలోని రిమోట్ తెర మీద ఎర్రగా వచ్చింది. చూస్తే పొలంలో కాకి కూడా లేదు.

"ఏందక్కా, సామి ఉత్తరువు ఇయ్యలేదా? ఇంక ఐదు నిమిషాలే" అని దూరంగా నీడలో నిలబడ్డ శిక్షకుడు గోకుల్ నవ్వాడు.

"ఉండప్పా. అడ్డముందని దీనికెట్ల తెలస్తాది? దీని కండ్లు యాడుండాయి?"

"ముందరుండే అద్దమే కదక్కా!"

కాంచన రెక్కలు ఆపి వంగి చూసి నాలుక కరుచుకుంది. "మురుగా, నీ బొట్టుతోనే దీని కండ్లు మూసినానే!"

అద్దాన్ని చెంగుతో తుడిచి, బ్యాటరీ మూత మీద చిన్న బొట్టు పెట్టి మళ్ళీ మీట నొక్కింది. డ్రోన్ జుయ్యిమంటూ లేచి పొలమంతా తిరిగొచ్చింది.

గోకుల్ మార్కులు వేస్తున్నాడు. ఆమె అటు చూడనేలేదు.

"అప్పా, తెల్లారి మంచు పడితే గూడా దీనికి కండ్లు కనపడవా?"

"తెలీదక్కా. నన్నెవురూ అడగలేదు."

"అట్లయితే రేపు తెల్లారి దీన్ని తీసుకోని మా ఊరికి రా, చూద్దాం."