ఐదో అంతస్తు ఫిర్యాదు

ఆ ఆఫీసులో రెండు వేల కంప్యూటర్లున్నాయి. నెట్‌వర్క్‌లో కంప్యూటరైనా ప్రింటరైనా ఒక్కోదానికి ఒక్కో నంబరు, దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. పొరపాటున ఒకే నంబరు రెండింటికి పడిందా, రెండూ కొట్టుకు చస్తాయి. ఆ తగువులు తీర్చే మనిషిని అందరూ వైర్ల బాబాయ్ అంటారు. నెట్ పోతే బాబాయే దేవుడు. వచ్చాక మాత్రం కూర్చోమన్న పాపాన ఎవరూ పోరు. భార్య పోయాక ఇంట్లోనూ ఆయనతో మాట్లాడే మనిషి లేదు.

ఐదో అంతస్తులోని రికార్డుల గది ఒక్కటే వేరు. ఒకప్పుడు అందులో పదకొండు మంది ఉండేవాళ్లు. కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాక మిగతావాళ్లను తలో చోటికి పంపేశారు. రికార్డుల అక్క ఒక్కతే మిగిలింది. మూడు నెలలుగా ప్రతి మంగళవారం ఆ అంతస్తు ప్రింటరు ఆగిపోతోంది. బాబాయ్ తీగ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే చివరికి అక్క బల్ల దగ్గరే తేలేది. ఆమె కంప్యూటరుకు ప్రింటరు నంబరే ఉండేది.

"మళ్లీ ఎలా వచ్చిందో తమ్ముడూ! నేనేం ముట్టుకోలేదు. ముందు నువ్వు కూర్చో."

కంప్యూటరు తనంతట తాను ఆ నంబరు పెట్టుకోదు, ఎవరో చేత్తో కొట్టాలి. మొదటిసారి తగువు వచ్చినప్పుడు అదెలా వస్తుందో ఆమెకు విడమరిచి చెప్పింది తనే. అయినా బాబాయ్ నంబరు సరిచేసి ఊరుకునేవాడు. రెండు నిమిషాల పనికి అరగంట కూర్చునేవాడు. ఆమె మోకాళ్ల నొప్పుల గురించి చెబుతుంటే వినేవాడు. ఆ అరగంట కోసం సోమవారమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు.

ఒకరోజు పై అధికారి పిలిచాడు.

"ఆ ప్రింటరు గొడవేంటండీ? ఎవరు చేస్తున్నారో సాయంత్రంలోగా చెప్పండి. లేదంటే మళ్లీ రాకుండా శాశ్వతంగా బిగించెయ్యండి."

చెబితే అక్క ఉద్యోగానికే ఎసరు. బిగిస్తే ఆ గదికి ఇక ఎవరూ వెళ్లరు. బాబాయ్ మధ్యాహ్నమంతా తెర ముందు కూర్చుని, చివరికి ఏ కంప్యూటరుకూ ఎవరూ చేత్తో నంబరు పెట్టలేకుండా కట్టేశాడు. ఆమెను కాపాడానని సరిపెట్టుకున్నాడు. మనసు మాత్రం కుదుటపడలేదు.

మంగళవారం ఫోను మోగలేదు. ఆ మరుసటి మంగళవారమూ మోగలేదు. ఫిర్యాదులు రాసుకునేవాళ్లు చీటీ ఇవ్వనిదే కుర్చీ వదలకూడదన్నది ఆ ఆఫీసు పద్ధతి. ఒకవేళ వెళ్లినా, ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలి? నాలుగో మంగళవారం ఇక ఉండబట్టలేక, పనిముట్ల సంచీ కూడా లేకుండా మెట్లెక్కాడు.

గదికి తాళం వేసి ఉంది. కారిడార్ తుడుస్తున్న ఆవిడ చీపురు ఆపింది.

"అక్క లేదండీ. ముందుగానే రిటైర్మెంట్ తీసుకుని శుక్రవారం వెళ్లిపోయింది. మీకు చెప్పి వెళ్దామని నా ముందే కంప్లైంట్ల వాళ్లకి ఫోన్ చేసింది."

"నాకెవరూ చెప్పలేదే!"

"ఏం పాడైందని అడిగారంట. ఏమీ పాడవలేదు, ఆయన్ని ఒక్కసారి రమ్మనండి చాలు అంది. పాడవకపోతే రారమ్మా అని పెట్టేశారు."