రెండో అంకంలో టీ

"ఆ అట్ట ఇల్లు కాస్త తీస్తావా అమ్మా, మావాడికి అన్నం పెట్టాలి," అంది అత్తగారు.

భోజనాల బల్ల మీద ఉన్నది నూట ఇరవై ఏళ్ళ కిందటి ఇల్లు. అట్టముక్కలతో, జిగురుతో, అగ్గిపుల్లల్లాంటి స్తంభాలతో కోడలు మూడు వారాలుగా కడుతున్న నాటకం సెట్టు నమూనా. పదకొండింటికి దాన్ని నాటక సంస్థ వాళ్ళకి చూపించాలి. వాళ్ళు సరేనంటే మధ్యాహ్నం నుంచే వడ్రంగులు పనిలోకి దిగుతారు. ఒకసారి చెక్క కోశాక దేవుడు దిగొచ్చినా గోడ మారదు. ఈ పని కోసమే ఆమె ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టింది. అక్కడ ఆమె పని ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి ప్లాన్లు గీయడం.

ఈ అట్ట ఇంటికి మాత్రం ఒక గోడ తక్కువ. వంటింటి గోడ. దాన్ని కోసి, రంగు వేసి, కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకుంది గానీ తిరిగి అంటించలేదు.

నాటకం దర్శకుడు ఆమె భర్తే. ఇది వాళ్ళ ఆరో నాటకం. మొదటి అయిదింటికీ సెట్లు గీసింది ఆమె, పోస్టరు మీద "దర్శకత్వం, రంగాలంకరణ" అని పడ్డది ఆయన పేరు. అడిగితే, "మనిద్దరం వేరా ఏంటి?" అన్నాడు. వేరు కాని ఆ ఇద్దరిలో ఎప్పుడూ ఒకరి పేరే ఎందుకు పడుతుందో అడగాలని ఆమెకి తోచేసరికి ఆయన స్నానానికి వెళ్ళిపోయాడు.

ఈ నాటకం లోకాన్ని మేల్కొలిపిన ఒక పెద్దమనిషి గురించి. పత్రిక నడుపుతాడు, స్నేహితుల్ని పోగేసి స్వేచ్ఛ గురించి మాట్లాడతాడు. ఆయనకో భార్య. సెట్టు గీసేవాళ్ళు ముందుగా చేసే పని ఒకటుంది: ఎవరు, ఏ తలుపులోంచి, చేతిలో ఏం పట్టుకుని వస్తారో రాసుకోవడం. అలా రాసుకుంటూ పోతే ఆ భార్య పంతొమ్మిదిసార్లు వచ్చింది. ఒక్కసారి కూడా ఉత్త చేతులతో రాలేదు. నాటకం మొత్తంలో ఆవిడకి పదకొండు మాటలు, అందులో ఏడు "తెస్తానండీ". రెండో అంకంలో పెద్దమనిషి, "మిత్రులకి టీ పట్రా," అంటాడు. ఆవిడ లోపలికెళ్తుంది. ఆయన స్వేచ్ఛ గురించి రెండు వాక్యాలు చెప్తాడు. ఆవిడ ఆరు కప్పులతో వచ్చేస్తుంది. అక్కడే ఈమె పెన్సిలు ఆగిపోయింది. కుళాయి లేదు, గ్యాసు లేదు, మరి రెండు వాక్యాల్లో ఆరు కప్పుల టీ ఎలా అయింది? పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, కట్టెలు రాజేసి, వాచీ చూసుకుంటూ తనే కాచి చూసింది. "గ్యాసు అయిపోయిందా?" అని అత్తగారు కంగారుపడింది. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. కళ్ళు మండి నీళ్ళు కారాయి, అవి పొగకి మాత్రమే కారలేదు. తన పెళ్ళయి పదిహేనేళ్ళు. ఈ ఇంట్లో ఎవరి రెండు వాక్యాల మధ్య తను ఎన్ని నిమిషాలు పోగొట్టుకుందో ఏ వాచీ చెప్తుంది? ఆ సాయంత్రమే నమూనాలోంచి గోడ తీసేసింది. నాటకంలో ఒక్క మాట మార్చక్కర్లేదు. ఒకపక్క ఆయన మాట్లాడుతుంటాడు, ఇంకోపక్క ఆవిడ పని చేస్తుంటుంది, అంతే.

భర్త చూసి నవ్వాడు. "వంటింట్లో పొగ చూడ్డానికి టికెట్టు కొనుక్కుని ఎవరొస్తారోయ్? నీ చెయ్యి మంచిది, ఆలోచన నాకొదిలెయ్. గోడ పెట్టెయ్."

కారులో నమూనా ఆమె ఒళ్ళో ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా స్తంభాలు వణికాయి, ఆమె వాటిని వేళ్ళతో ఆపి పట్టుకుంది.

"గోడ అంటించావా?" అన్నాడాయన.

"బ్యాగులో ఉంది."

"వెళ్ళగానే పెట్టెయ్, మర్చిపోకు."

సంస్థ గదిలో పొడుగాటి బల్ల చుట్టూ ముగ్గురున్నారు: కార్యదర్శి, పెద్దమనిషి వేషం వేసే సీనియర్ నటుడు, భార్య వేషం వేసే నటి. నమూనా బల్ల మీద పెట్టాక కోడలి చెయ్యి రెండుసార్లు బ్యాగులోకి వెళ్ళింది. రెండుసార్లూ గోడ అంచు తగిలింది. రెండుసార్లూ చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది. పెట్టేస్తే పోయేదేముంది, ఇంటికెళ్ళాక గొడవ ఉండదు. పెట్టకపోతే వారం రోజులు ఆయన పలకడు, అత్తగారు గిన్నెలతో మాట్లాడుతుంది. ఇంకోసారి తనకి పెన్సిలు ఇవ్వనే ఇవ్వడేమో.

"వంటిల్లు కనిపిస్తోందేంటి?" అంది కార్యదర్శి.

"గోడ ఉందండీ, ఇప్పుడు పెట్టేస్తుంది," అన్నాడు భర్త.

"లేదండీ. గోడ లేదు," అంది ఆమె. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. పంతొమ్మిదిసార్లు రావడం గురించి, ఇరవై రెండు నిమిషాల గురించి తడబడుతూనే చెప్పింది.

"బానే ఉంది గానీ, నేను మాట్లాడుతుంటే ఆవిడక్కడ పొయ్యి ఊదుతూ కూర్చుంటే జనం నన్నెందుకు చూస్తారమ్మా?" అన్నాడు సీనియర్ నటుడు. పాపం, ఆయన బాధ ఆయనది.

"ఇన్నేళ్ళూ వంటింట్లోకి వెళ్ళడమంటే నాకు తెరవెనక కుర్చీలో కూర్చోడమే," అంది నటి నెమ్మదిగా. "లోపల ఏం చెయ్యాలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు."

భర్త లేచి నిలబడ్డాడు. మాట్లాడ్డం మొదలుపెడితే ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. చరిత్ర గురించి, నాటకం నడక గురించి, ప్రేక్షకుడి ఓపిక గురించి ఏకబిగిన పది నిమిషాలు చెప్పాడు. "టీ వచ్చిందా లేదా, అదే నాటకానికి కావాలి. ఎలా వచ్చిందో ఎవడిక్కావాలండీ?" అన్నాడు. గొంతు ఎండిపోయి దగ్గొచ్చింది. మాట ఆపకుండానే, ఆమె వైపు చూడకుండానే, నీళ్ళ కోసం పక్కకి చెయ్యి చాపాడు.

నీళ్ళ కూజా గది చివర కిటికీ దగ్గరుంది.

కార్యదర్శి ఆ చేతిని చూసింది. సీనియర్ నటుడూ చూశాడు. భర్త మాట వాక్యం మధ్యలో ఆగింది గానీ చెయ్యి మాత్రం అలాగే గాల్లో ఉంది. ఆమె మోకాళ్ళు అప్పటికే లేవబోయాయి, వాటికి పదిహేనేళ్ళ అలవాటు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. పక్కనున్న నటి కూడా తెలియకుండానే సగం లేచింది. ఆమె నటి మణికట్టు పట్టుకుంది.

"కూర్చోండి," అంది. "ఎంతసేపు పడుతుందో చూద్దాం."