పెసరట్టుకు నిలబడని ముల్లు

గురజాల బజారులో ఈశ్వరయ్య పొద్దున్నే కొట్టు తలుపులు తీసి, మెట్లు కడిగించి, బెల్లం దిమ్మెల మీద గోనెపట్టా సర్దేసరికే పప్పులకని వచ్చేవాళ్లు మొదలయ్యేవాళ్లు. తూకానికి ఎలక్ట్రానిక్ కాటా ఉంది. తాతల నాటి ఇత్తడి త్రాసు మాత్రం వెనకగదిలో దూలానికి వేలాడుతూ ఉండేది. దాంతో సరుకు తూచడం ఎప్పుడో మానేశారు. అది మాటలు తూచేది. ఒక పళ్లెంలో వస్తువు పెట్టి, రెండో పళ్లెం మీదికి వంగి ఆ వస్తువు గురించి ఏదైనా చెబితే, చెప్పింది నిజమైతే ముల్లు నడిమికొచ్చి నిలబడుతుంది. కాకపోతే ఓ పక్కకి ఒరిగిపోతుంది. మిరపకాయలు ఈ ఏటివా, పోయినేటివా అని పేచీ వస్తే బేరగాళ్లు వచ్చి తేల్చుకుని, టీ తాగి వెళ్లేవాళ్లు. పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లు మాత్రం ఆ గది గడప తొక్కేవాళ్లు కాదు.

ఈశ్వరయ్యకు ఒక్కతే కూతురు, దీపశ్రీ. పదో తరగతిలో ఉండగా ఆ పిల్లకు షుగర్ వచ్చింది. పెద్దవాళ్లకొచ్చే రకం కాదు, ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారవని రకం. ఏం తినాలన్నా ముందు సూది వేసుకోవాలి. తినబోయేదాంట్లో పిండిపదార్థం ఎంతుందో చూసుకుని దాన్నిబట్టి మందు ఎక్కించుకోవాలి. ఇన్నాళ్లూ తల్లి కోటేశ్వరి రోజూ ఒకే కొలతన వండిపెడుతుంటే ఇబ్బంది లేకుండా జరిగిపోయింది. డిగ్రీ అయ్యాక గుంటూరులో బీఈడీ సీటొచ్చింది. హాస్టల్లో ఏం పెడతారో ఎవరికి తెలుసు? అందుకని దీపశ్రీ ఫోన్లో క్యాలరీల యాప్ వేసుకుంది. తినేదాని పేరు కొడితే చాలు, అందులో ఎన్ని క్యాలరీలో, పిండిపదార్థం ఎంతో అదే చెబుతుంది.

ఒకరోజు పొద్దున రెండు పెసరట్లు వేయించుకుంది. యాప్‌లో పెసరట్టు పక్కన, సరిచూసిన లెక్కేనన్నట్టు ఆకుపచ్చ టిక్కు కూడా ఉండటంతో, రోజూ వేసుకునే కొలత మాని అందులో ఉన్న లెక్క ప్రకారమే సూది వేసుకుని, తిని, సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించడానికి బయల్దేరింది. బస్టాండు దాటుతుండగానే చెమటలు పట్టి, కాళ్లు వణికి, అరుగు మీద కూలబడిపోయింది. చెరుకురసం బండి యాకూబ్ ఆ పిల్లను ఎరుగును. షుగర్ పడిపోయిందని గ్రహించి, గ్లాసుడు రసం తాగించి, కాస్త తేరుకున్నాక ఆటోలో ఇంటికి తీసుకొచ్చాడు.

ఈశ్వరయ్య ఆ పూటంతా సరిగ్గా ఒక్క పొట్లం కట్టలేకపోయాడు.

"ఇంట్లో ఉండగానే ఇట్లా అయింది. అక్కడ పడిపోతే ఎవరు చూస్తారు? సీటూ వద్దు, ఏమీ వద్దు" అన్నాడు.

ఆ తర్వాత కొట్టుకొచ్చిన ప్రతివాళ్లతోనూ అదే మాట చెప్పాడు, అమ్మాయి పరాయి ఊళ్లో ఒక్కతే ఉండలేదని. దీపశ్రీ ఆ మాట వింది. మర్నాడు తల్లి చేత పెసరట్టు వేయించుకుని వెనకగదిలోకి వెళ్లింది. అట్టును ఒక పళ్లెంలో పెట్టి, రెండో పళ్లెం మీదికి వంగి యాప్‌లో ఉన్న లెక్కను పైకి చదివింది. ముల్లు గోడవైపు ఒరిగిపోయింది.

సంగతేమిటా అని తవ్వితే తేలింది. ఆ యాప్‌లో లెక్కలు ఎవరుబడితే వాళ్లు ఎక్కించవచ్చు. ఎవరో హోటల్లో తిన్న ఉప్మా పెసరట్టును ఉత్త పెసరట్టని ఎక్కించారు. ఉప్మాకు కూడా కలిపి సూది వేసుకుంటే షుగర్ పడిపోక ఏమవుతుంది?

మిగతావి కూడా చూసింది. పాల ప్యాకెట్టు లెక్కకు ముల్లు నిలబడింది. జొన్నరొట్టెకు నిలబడలేదు, పుణుగులకు నిలబడలేదు, గుగ్గిళ్లకు అయితే ఊగుతూనే ఉండిపోయింది. చిక్కేమిటంటే త్రాసు తప్పును తప్పని చెబుతుందే గానీ ఒప్పేదో చెప్పదు. అది మనమే వెతుక్కోవాలి. దీపశ్రీ వెతకడానికి కూర్చుంది. పెసలు తూచింది, రుబ్బిన పిండి తూచింది, పెనం మీద పోసిన నూనె తూచింది, ఎన్ని అట్లొచ్చాయో చూసి భాగించింది. అంతా చేసి చదివితే ముల్లు కొంచెం ఎడంగా ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది.

కోటేశ్వరి వంటింట్లోంచి తొంగిచూసి, "గుప్పెడు బియ్యం కూడా వేస్తాను గదే, అట్టు కరకరలాడాలని" అంది.

బియ్యం కలిపి చదివేసరికి ముల్లు నిటారుగా నిలబడింది.

ఈశ్వరయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. ఆయన జీవితమంతా తూకాల మధ్యే గడిచింది. ఇంత ఓపిక ఆయన ఎవరిలోనూ చూడలేదు. తనను పడేసిన యాప్‌ను కూతురు పల్లెత్తు మాట అనలేదు, తీసి పారేయనూ లేదు. సరిచేసిన లెక్కను ఫొటోలతో సహా కంపెనీకి పంపింది. జవాబు రాలేదు. మళ్లీ పంపింది. ఈ లెక్క ఒప్పుకోలేమన్నారు. ఎందుకు ఒప్పుకోవాలో వివరంగా రాసి మరోసారి పంపింది. చివరికి అక్కడెవరో చదివినట్టున్నారు, పాత లెక్క తీసేసి, 'పెసరట్టు, గురజాల ఇంటి కొలత' అని ఆ పిల్ల ఇచ్చిందే పెట్టారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు దిబ్బరొట్టెలూ జంతికలూ పట్టుకొచ్చి, మావీ చూసిపెట్టమని కూర్చున్నారు. ఆ పిల్ల ఒక్కరి మీదా విసుక్కోకుండా అన్నిటికీ లెక్క కట్టి, అదే గురజాల పేరుతో యాప్‌లో ఎక్కించింది. చూస్తున్నకొద్దీ ఆయనకు ముచ్చటేసేది. ఆ వెంటనే గుంటూరు గుర్తొచ్చి ముఖం తిప్పుకునేవాడు.

కాలేజీలో చేరడానికి గడువు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం ఈశ్వరయ్య సంచుల కోసం వెనకగదిలోకి వెళ్లాడు. దీపశ్రీ ఇన్సులిన్ పెట్టుకునే చిన్న సంచి త్రాసు పళ్లెంలోనే మరిచిపోయింది. ఆయన కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రెండో పళ్లెం మీదికి వంగి, ఊరంతా చెప్పుకొచ్చిన మాటే చెప్పాడు.

"ఈ సంచి గల పిల్ల పరాయి ఊళ్లో ఒక్కతే ఉండలేదు."

ముల్లు గోడవైపు ఒరిగిపోయింది. ఆయన గొలుసులు సర్ది, ఊగడం ఆగేదాకా ఉండి, అదే మాట నిదానంగా మళ్లీ చెప్పాడు. ఈసారి ఇంకా ఒరిగింది. ఆయన నుదురు తుడుచుకున్నాడు. తర్వాత, గదిలో ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి అన్నాడు.

"ఈ సంచి గల పిల్లను పంపాలంటే నాకు చానా భయంగా ఉంది."

ముల్లు నడిమికొచ్చి, గీత గీసినట్టు నిలబడింది.

సాయంత్రం దీపశ్రీ పెరట్లో బట్టలు తీస్తుంటే వెళ్లి, సర్టిఫికెట్లు సర్దుకోమన్నాడు, పొద్దున్నే గుంటూరు బస్సెక్కాలన్నాడు. ఆ పిల్ల చేతిలో బట్టలతో అట్లాగే ఆగిపోయి, తండ్రి ముఖంలోకి చూసింది.

"భయం పోయిందా నాన్నా?"

"పోలేదు. దానికీ నీ చదువుకీ ఏంది సంబంధం?" అన్నాడు ఈశ్వరయ్య.

మిరప కోతలు మొదలయ్యే రోజుల్లో కారంపూడి నుంచి అబిదా అనే ఆమె కొట్టుకొచ్చింది. పక్కన రెండు జడల కూతురుంది. ఆ పిల్లకూ ఈమధ్యే అదే షుగర్ బయటపడిందట. ఏం తింటే ఏమవుతుందోనని పిల్ల తిండే మానేసిందట. యాప్‌లో గురజాల పేరుతో ఉన్న లెక్కలు నమ్మి పెడుతుంటే షుగర్ అటూ ఇటూ కాకుండా నిలబడిందనీ, ఆ లెక్కలు కట్టింది ఎవరని బజారంతా అడుగుతూ వచ్చాననీ చెప్పింది.

"నిన్న మా పిల్ల కడుపునిండా తిన్నదన్నా. ఆ అమ్మాయిని ఒకసారి చూసిపోదామని వచ్చా" అంది.

ఈశ్వరయ్య లేచి వాళ్లిద్దరికీ స్టూళ్లు వేశాడు.

"మా అమ్మాయి గుంటూరులో చదువుకుంటందమ్మా. ఒక్కతే ఉంటది. ఉండు, మాట్లాడిస్తా" అని ఫోన్ కలిపి, తాను ఒక్క ముక్కా మాట్లాడకుండా, తిన్నగా ఆ చిన్నపిల్ల చేతికిచ్చాడు.

కొట్టు ముందు జనం పెరిగారు. ఎవరో కందిపప్పు అడిగారు. పిల్లలిద్దరూ మాట్లాడుకుంటున్నారు, కాసేపు ఆగమని ఈశ్వరయ్య చేత్తో సైగ చేశాడు.