కుందేలుకు లంఖణం

ముప్పయ్యేళ్ళపాటు చేపల ఆకలి కనిపెట్టుకొని బతికిన జగ్గారావుకు, పెదపాడు దగ్గరి చెరువులను కొడుకు చేతికి అప్పగించిన నాడు ఒకే ఒక్క కోరిక మిగిలింది. తన కంచం తప్ప మరే ప్రాణి కంచం వంకా ఇక చూడవలసిన పని ఉండకూడదు. ఏలూరులోని కొడుకు ఇంట్లో ఆ కోరిక కొంతకాలం సజావుగానే చెల్లింది. ఆ తరువాత మనవరాలు ఇందుజ పుట్టినరోజుకు స్నేహితురాలెవరో అరచేతిలో ఇమిడేంత కుందేలుపిల్లను తెచ్చి ఇచ్చింది. పాలకోవా రంగులో ఉన్నదని దానికి కోవా అని పేరు పెట్టారు.

కోవా ఊరికే వచ్చింది గాని ఊరికే ఉండలేదు. వచ్చిన నెలలోనే ఫ్రిజ్ వైరు కొరికింది. సోఫా కాళ్ళను చెక్కి శిల్పాలు చేసింది. రోహిణీకార్తెలో ఫ్యాను గాలి దానికి చాలదన్నారు, ముసలివాళ్ళిద్దరికీ ఎన్నడూ పగటిపూట వేయని ఏసీ దానికోసం హాల్లో వేశారు. గోళ్ళు పెరిగాయనీ, పళ్ళు పెరిగాయనీ, కోడలు ప్రసన్న సెలవు పెట్టి మరీ దాన్ని తాడేపల్లిగూడెంలో ఉన్న డాక్టరు దగ్గరికి తిప్పింది. ఇవన్నీ జగ్గారావు సహించాడు. సహించలేనిది ఒక్కటే, గడ్డి. ఆ గడ్డి ఎక్కడో ఉత్తరాదిన కోసి, ఎండబెట్టి, అట్టపెట్టెలో సర్ది పంపితే, కొరియరు కుర్రవాడు బెల్లు కొట్టి ఇచ్చి పోతాడు.

"వరి పండే దేశంలో కూర్చుని గడ్డి పార్సిల్‌లో తెప్పించుకుంటున్నామమ్మా. ఎవరన్నా వింటే నవ్విపోతారు," అన్నాడొకసారి.

"వరిగడ్డి దానికి సరిపోదంటండి మావయ్యగారూ. డాక్టరుగారు చెప్పారు."

"మా గేదెలకి సరిపోయింది."

"గేదెలు వేరు కదండీ," అని కోడలు మెల్లగా అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మెల్లదనానికి ఎదురు చెప్పడం జగ్గారావుకు ఏనాడూ చేతకాలేదు.

కార్తీకమాసంలో చింతలపూడిలో ప్రసన్న తమ్ముడి పెళ్ళి వచ్చింది. కొడుకు కిరణ్ కుమార్, కోడలు, మనవరాలు ముగ్గురూ మూడు రోజులకు ప్రయాణం కట్టారు. మోకాళ్ళ నొప్పితో జగ్గారావు భార్య సత్యవతి, ఆమెకు తోడుగా జగ్గారావు ఇంట్లో ఆగిపోయారు. కుందేలు పెత్తనం సహజంగానే ఆయన మీద పడింది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఇందుజ ఏకరువు పెట్టసాగింది.

"తాతయ్యా, గడ్డి ఎప్పుడూ ఉండాలండి. కొత్తిమీర రెండు కాడలే. మేత గుళికలు ఒక్క స్పూనే..."

"చాల్లేవే. నలభై ఎకరాల చెరువుకి మేత వేసినవాణ్ణి. పిడికెడు కుందేలుకి నువ్వు నాకు చెప్పాలా?"

ఇందుజ నవ్వలేదు. "దానికేమైనా అయితే నేను ఊరుకోను తాతయ్యా," అని తల్లి వెనకాలే మెట్లు దిగిపోయింది.

ఆ మాట ముల్లులా ఎక్కడో దిగింది. పిల్ల తిరిగివచ్చేసరికి కుందేలును ఇంతకింత చేసి చూపించాలని ఆయన అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు. ఆ సాయంత్రమే చెరువు దగ్గరి నుంచి పని మీద వచ్చిన మనిషి చేత సంచిలో కాస్త తవుడు, కాస్త వేరుశనగ చెక్క తెప్పించాడు. రెండూ కలిపి, బెల్లపు నీళ్ళు చిలకరించి, ముద్ద చేసి పళ్ళెంలో పెట్టాడు. కోవా రెండు చెవులూ నిక్కించి, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

"చూశావటే? పార్సిలు గడ్డి తిని తిని పాపం ఎంత మొహం వాచిపోయిందో!"

"చేపల మేత కుందేలుకి పెట్టిన మహానుభావులు మీరే," అన్నది సత్యవతి. ఆమె మోకాలికి నూనె రాసుకుంటున్నది.

మరునాడు తెల్లవారేసరికి వాయుగుండం తాలూకు మబ్బు ఊరంతా మూసింది. కోవా పంజరంలో ఒక మూలకు చేరి, ముడుచుకొని, పళ్ళెం వంక చూడకుండా కూర్చున్నది. గడ్డి ముట్టలేదు. కొత్తిమీర అందిస్తే ముఖం తిప్పుకున్నది.

జగ్గారావు కంగారుపడలేదు. ఇది ఆయన ఎరిగిన సంగతే. తవుడూ చెక్కా చిల్లుల సంచుల్లో నింపి చెరువులో గెడలకు కడతారు. చేప వచ్చి చిల్లుల్లోంచి లాక్కుని తింటుంది. పైకి తీసిన సంచి బరువుగా వచ్చిందంటే చేప మేత తీసుకోలేదన్నమాట. మబ్బు పట్టిన రోజుల్లో అది మామూలే. అప్పుడు తెలివితక్కువ రైతు మరింత మేత గుమ్మరించి నీళ్ళు చెడగొట్టుకుంటాడు. తెలిసినవాడు మేత ఆపేస్తాడు. ఒక పూటో రెండు పూటలో మాడితే చేపకు దానంతట అదే ఆకలి పుడుతుంది, సంచులు తేలికవుతాయి. ఆ నిబ్బరం లేకనే ఎంతోమంది చెరువులు పోగొట్టుకున్నారని ఆయన నమ్మకం. చెరువుల మాట అటుంచి, జ్వరం తగిలిన మనిషికి మాత్రం పెద్దలు చెప్పింది వేరేమిటి? లంఖణం పరమౌషధం.

అందుచేత ఆయన గడ్డి తీసేశాడు. గుళికలు తీసేశాడు. నీళ్ళగిన్నె మాత్రం ఉంచాడు.

"నోరులేని దాన్ని అలా మాడ్చకండి," అన్నది సత్యవతి.

"నీకు తెలీదు. రేపు పొద్దున్నకి పళ్ళెం నాకేస్తుంది చూడు."

మరునాటి పొద్దున్నకు అది పళ్ళెం నాకలేదు. పళ్ళు పటపట కొరుకుతున్నది. ముట్టుకుంటే చెవులు చల్లగా తగిలాయి. పొట్ట తప్పెటలా బిగిసి ఉన్నది. జగ్గారావు పంజరం ముందు గొంతుక్కూర్చున్నాడు. తెల్లవారేసరికి చేపలు వెల్లకిలా తేలిన చెరువు గట్టు మీద ఆయన ఇదివరలో ఇలాగే కూర్చున్నాడు. అప్పుడు పోయినవి తన చేపలు. ఇది మనవరాలిది.

"కిరణ్‌కి ఫోను చెయ్యనా?" అన్నది సత్యవతి.

"పెళ్ళిపీటల ముందున్నవాళ్ళకి ఏం చెప్తాం? ఆ గూడెం డాక్టరు పేరేంటి?"

"నజ్నీన్ గారు. పోలీసు స్టేషన్ దాటాక మేడ మీదండి. ప్రసన్న నన్నోసారి తీసుకెళ్ళింది."

కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి, కోవాను పడుకోబెట్టి, పైన మరో తువ్వాలు కప్పి, వర్షంలో ఆయన బస్సెక్కాడు. భీమడోలు దాటాక పక్క సీటు ఆసామి బుట్టలోకి తొంగిచూశాడు.

"కుందేలాండీ? కూరకేనా?"

"కాదండీ. వైద్యానికి."

"వైద్యానికా!" ఆసామి సర్దుకు కూర్చున్నాడు. "మా బాపిరాజు బావ మొన్న నడుం పట్టేసి మంచం ఎక్కితే ఆటోలో తీసుకెళ్ళే దిక్కు లేదండీ. దీని జాతకం బాగుందండీ బాబూ!"

మరొక రోజైతే జగ్గారావే ఆ మాట అనేవాడు. ఇవాళ ఆయన చెయ్యి తువ్వాలు కిందనే ఉన్నది. వేళ్ళకు ఊపిరి తగులుతున్నదా లేదా అన్నది తప్ప ఉంగుటూరు వచ్చిందీ, పోయిందీ కూడా ఆయనకు తెలియలేదు.

డాక్టరు నజ్నీన్ చిన్నవయసు మనిషి. బల్ల మీద కోవా పొట్ట నొక్కి, చెవులు పట్టి చూసి, గొట్టం ఆనించి విన్నది.

"ఎప్పట్నుంచి తినట్లేదండీ?"

"నిన్న పొద్దుట్నుంచి." ఆయన కొంచెం ఆగాడు. "తర్వాత నేనే పెట్టలేదమ్మా. మేత ఆపాను."

"మీరే ఆపేరా? ఎందుకండీ?"

ఆయన చెప్పాడు. తవుడు, చెక్క, బెల్లం, మబ్బు, సంచులు, లంఖణం. ముప్పయ్యేళ్ళ విద్య అంతా ఆ గదిలో పైకి చదువుతుంటే ఆయన చెవికే అది ఎవరిదో పాఠంలా వినిపించింది. డాక్టరు మధ్యలో అడ్డు రాలేదు, నవ్వలేదు.

"చేప నాలుగు రోజులు తినకపోయినా తట్టుకుంటుందండీ. కుందేలు తట్టుకోలేదు. దాని పొట్ట ఎప్పుడూ కదుల్తూనే ఉండాలి. గడ్డి తింటూ ఉంటేనే కదుల్తుంది. తవుడు తిని పొట్ట మొద్దుబారింది, మేత ఆపేసరికి పూర్తిగా ఆగిపోయింది."

"బతుకుతుందా అమ్మా?"

"ఇంజెక్షన్లు ఇస్తాను. ఈ పొడి నీళ్ళలో కలిపి సిరంజితో కొంచెం కొంచెంగా నోట్లో పట్టాలి, పగలూ రాత్రీ. పొట్ట మెల్లగా నిమరాలి. పెంటికలు పడ్డాయంటే గండం గడిచినట్టేనండీ. పడకపోతే..." ఆమె సిరంజి విప్పసాగింది.

జగ్గారావు బుట్ట సర్దుకుంటూ, ఉండబట్టలేక అడిగాడు. "ఇవి మామూలుగా ఎన్నేళ్ళు బతుకుతాయమ్మా?"

"బాగా చూసుకుంటే పదేళ్ళండీ."

పదేళ్ళు. ఇంకో పదేళ్ళు ఎవరో ఒకరు ఈ పొట్టకు కాపలా కాయాలి. పిల్ల ఇవాళ బడికి, రేపు కాలేజీకి పోతుంది, కోడలు ఆఫీసుకు పోతుంది, కొడుకు గట్ల మీద ఉంటాడు. ఇంట్లో మిగిలేది ఎవరో ఆయనకు లెక్క వేయకుండానే తెలిసింది.

ఇంటికి చేరాక సత్యవతి నేల మీద కాళ్ళు చాపుకొని, కోవాను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నది. ఆయన సిరంజిని దాని పెదవి పక్కన దూర్చి, చుక్క చుక్కగా నొక్కాడు. సగం మందు గడ్డం మీదుగా కారిపోయేది. మళ్ళీ కలిపేవాడు. వంతులు వేసుకొని నిద్రపోదామనుకున్నారు గాని, ఒకరు పట్టుకుంటేనే ఇంకొకరు పట్టగలరు కనుక వంతులు సాగలేదు. నడుము లాగేసేది. వేళ్ళకు ఆకుపసరు వాసన అంటుకున్నది. వాన తగ్గలేదు.

"మన కిరణ్‌కి ఎప్పుడన్నా ఉగ్గు పట్టారా మీరు?" అన్నది సత్యవతి ఉన్నట్టుండి. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉన్నది.

"చెరువు మీదుండేవాణ్ణి కదే."

"చెరువు మీదే ఉండేవారు లెండి. వాడి పళ్ళెంలో మిగిలిందో లేదో ఒక్కనాడైనా చూశారా? చేపల సంచులు మాత్రం రోజూ ఎత్తి చూసేవారు."

ఆయన కుందేలు పొట్ట మీద రెండు వేళ్ళతో సుతారంగా నిమురుతూ కూర్చున్నాడు.

మరునాడు భోజనాల వేళకు సత్యవతి గోడకు చేరగిలి నిద్రపోయింది. ఆయన కళ్ళు మంటలెత్తుతున్నాయి. తువ్వాలు కాస్త వదులు చేసేసరికి కోవా ఒళ్ళోంచి దిగి, రెండు గెంతులు వేసి, పాత పేపరు మీద కూర్చున్నది. అది లేచి పక్కకు జరిగాక చూస్తే, పేపరు మీద మిరియాలకన్న చిన్నవి, ముడుచుకుపోయినవి, నల్లటి పెంటికలు నాలుగైదు.

ఆయన సత్యవతిని లేపలేదు. సంతోషించే ఓపిక కూడా లేకపోయింది. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని, అవి పెంటికలేనని మరొకసారి రూఢి చేసుకున్నాడు. తరువాత నేల మీదనే చెయ్యి తలకింద పెట్టుకొని ఒరిగాడు.

సాయంత్రం పెళ్ళివారు దిగారు. చేతి గోరింటాకు, జడలో వాడిన చామంతులు అలాగే ఉండగా ఇందుజ తిన్నగా పంజరం దగ్గరికి వెళ్ళింది. కోవా గడ్డిపరక ఒకటి నోట కరుచుకొని ఆలోచిస్తున్నట్లు మెల్లగా నములుతున్నది. గడ్డం కింద బొచ్చు అట్టకట్టి ఉన్నది. పక్కన సిరంజి.

"దీనికేమైంది తాతయ్యా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. వాన ఉన్నది, మబ్బు ఉన్నది, జబ్బులు ఎవరికైనా వస్తాయి. సత్యవతి ఆయన వంక చూసి తల దించుకున్నది. ఆయన చెప్పకపోతే ఆమె బయటపెట్టదు.

"తవుడు పెట్టానే. అది పడక మేత మానేస్తే, ఇంకా మాడ్చాను. చావుదాకా తీసుకెళ్ళింది నేనే. గూడెం డాక్టరుగారు బతికించారు."

"తాతయ్యగారికి తెలీదు కదమ్మా," అన్నాడు కిరణ్ కుమార్, సూట్‌కేసు చేతిలోనే ఉంచుకొని.

"తెలీకపోతే అడగాలి కదా!" ఇందుజ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను చెప్తుంటే చాల్లే అన్నారు."

"ఇందూ! తాతయ్యగారితో అలాగేనా మాట్లాడేది?" అని ప్రసన్న గదమాయించింది.

"అననీ అమ్మా," అన్నాడు జగ్గారావు. "అడగాల్సింది. నిజమే."

ఆయన ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరినీ ఏదీ అడిగి చేసినవాడు కాడు. పొలం అమ్మి చెరువు తవ్వించిననాడూ అడగలేదు, చెరువు కొడుక్కి ఇచ్చిననాడూ అడగలేదు.

ఇందుజ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నది. "నేను బడికెళ్తే పగలంతా దాన్ని చూసేది మీరే. ఏం పెట్టాలన్నా, ఏం ఆపాలన్నా, నన్నడగాలి."

"అలాగేనండి," అన్నాడు జగ్గారావు.

కిరణ్ కుమార్ ఫక్కున నవ్వాడు, ప్రసన్న కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఇందుజ మాత్రం నవ్వలేదు. పార్సిలు పెట్టె ఈడ్చుకొచ్చి ఆయన ముందు పెట్టి, చేతులు కట్టుకొని నిలబడింది.

పట్టేసిన మోకాళ్ళను ఒక్కొక్కటిగా మడిచి జగ్గారావు మళ్ళీ నేల మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు గడ్డి పెట్టమంటారా అండీ?"

పిల్ల పంజరంలోకి ఒకసారి వంగి చూసింది.

"పెట్టండి. ఇంకొంచెం."

ఆయన ఇంకొంచెం పెట్టాడు.